సబ్బు వదిలి సున్నిపిండికి మారడం: నా అనుభవం

సున్నిపిండి అనగానే అందరూ అడిగేది అందులో ఏమేం వేయాలనే. పని చెడేది మాత్రం అక్కడ కాదు. ఎండబెట్టడంలో, మర పట్టించడంలో, జల్లించడంలో చెడుతుంది. పదిహేను రకాల మూలికలు పోగుచేసినా పెసల్లో చెమ్మ మిగిలితే నెల తిరక్కుండా పురుగు పడుతుంది.

ఇద్దరికి ఇంచుమించు నెలకు సరిపడేలా నేను వేసే పాళ్లు ఇవి: పొట్టు తీయని పెసలు 1 కిలో, పచ్చిశనగపప్పు 200 గ్రాములు, బియ్యం 100, కచ్చూరాలు (పసుపు జాతి సువాసన దుంపలు) 50, ఎండు గులాబీ రేకులు 50, వట్టివేళ్లు 25, కస్తూరి పసుపు 25, మెంతులు 25. బియ్యం గరుకు కోసం. అంతకు మించితే ఒళ్లు రుద్దుకోవడానికి బాగానే ఉంటుంది కానీ ముఖం గీరుకుపోతుంది. మెంతులు జిగురు కోసం, అవి ఎక్కువైతే పిండి ఒంటికి అంటుకుని ఓ పట్టాన వదలదు, వాసనా పోదు. గులాబీ రేకులు, వట్టివేళ్లు నిజానికి సువాసన కోసమే. అవి లేకపోయినా మురికి వదలడంలో తేడా ఉండదు.

పసుపు విషయంలో రాజీ పడొద్దు. వంట పసుపు వేస్తే ముఖం, తువ్వాలు, బాత్రూం గచ్చు అన్నీ పచ్చబడతాయి. ఆ మరక మీద సబ్బు రుద్దితే క్షారానికి ఎర్రగా మారి ఇంకా భయపెడుతుంది. కంగారుపడక తువ్వాలు ఎండలో ఆరేస్తే క్రమంగా వెలిసిపోతుంది. కస్తూరి పసుపును పొడిగా కాక దుంపగానే కొనాలి. విరిస్తే లోపల లేత రంగు, ముక్కు దగ్గర పెడితే కర్పూరం లాంటి ఘాటు ఉండాలి. హైదరాబాద్ బేగంబజార్ లాంటి చోట మూలికల కొట్లలో అడిగితే ముక్కలుగానే ఇస్తారు.

పాత చిట్కాల్లో బావంచాలు అనే గింజలు తప్పకుండా కనిపిస్తాయి. నేను వేయను. వాటిలో సోరాలెన్ అనే రసాయనం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, తర్వాత నల్ల మచ్చలు మిగలొచ్చు. బొల్లి వైద్యంలో బావంచాలను వాడేది ఈ గుణం కోసమే. పొద్దున స్నానం చేసి బండి మీద ఆఫీసుకు వెళ్లేవాళ్ల పిండిలో దానికి చోటు లేదు. నిమ్మరసం నేరుగా ముఖానికి రాయడం కూడా ఇలాంటి పొరపాటే. దాని పులుపు చర్మానికి మరీ ఎక్కువ. నిమ్మజాతి రసం పడిన చోట ఎండకు మచ్చలు పడటం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. ఇక వంటసోడా సబ్బులాగే క్షారం. సబ్బు మానేసి దాన్ని రాసుకోవడంలో అర్థం లేదు.

పెసలు, పప్పు, బియ్యం, మెంతులను రెండు రోజులు గట్టి ఎండలో పోయాలి. గింజ కొరికితే పటుక్కుమనాలి, మెత్తగా నలిగితే మూడో రోజూ ఎండాల్సిందే. గులాబీ రేకులను నీడలో ఆరబెట్టి, మరకు వెళ్లే ముందు ఒక్క గంట ఎండ చూపిస్తే చాలు. కచ్చూరాలు, పసుపు దుంపలు రాళ్లలా ఉంటాయి కాబట్టి రోట్లో నలగ్గొట్టాలి. వట్టివేళ్లను కత్తెరతో అర అంగుళం ముక్కలు చేయకపోతే పీచు మరలో చుట్టుకుంటుంది. మరవాడు రెండోసారి మనల్ని గుమ్మం ఎక్కనివ్వడు.

మర దగ్గర మొదట అడగాల్సింది, మన కంటే ముందు ఏం పట్టారని. కారం ఆడిన మరలో సున్నిపిండి పట్టిస్తే ఏమవుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. ముందు రెండు గుప్పెళ్ల బియ్యం ఆడించి ఆ పిండి పక్కన పడేయాలి. మన పిండి వాసన తర్వాత వచ్చేవాళ్ల గోధుమపిండికి పడుతుందని కొందరు ఒప్పుకోరు. సాయంత్రం మర కట్టేసే వేళకు వెళ్తే ఆ పేచీ ఉండదు. ఇంటికి తెచ్చాక వేడి వేడిగా డబ్బాలో పోస్తే మూత కింద ఆవిరి పట్టి పిండి ఉండ కడుతుంది. పాత చీర మీద పరిచి, పూర్తిగా చల్లారాకే ఎత్తాలి.

జల్లించడం రెండు దఫాలు. ఒంటికి మామూలు పిండి జల్లెడ సరిపోతుంది. ముఖానికి మాత్రం పల్చటి నూలుబట్టలో వస్త్రగాళితం పట్టాలి, పావుకిలో చాలు. మిగిలిన ముతక మడమలకు, మోచేతులకు పనికొస్తుంది.

వాడకం తేలికే. చర్మం పొడిబారే వాళ్లు ముందు రెండు స్పూన్ల నువ్వుల నూనె మర్దించి 20 నిమిషాలు ఆగాలి. స్నానానికి మూడు స్పూన్ల పిండి, అప్పటికప్పుడు తడపాలి. కలిపి ఉంచితే కొన్ని గంటల్లోనే పులుస్తుంది. ఒంటికి పట్టించాక ఆరీ ఆరకముందే రుద్దితే నలుగు ఉండలుగా రాలి, నూనెను తనతో తీసుకుపోతుంది. పూర్తిగా ఎండనిస్తే చర్మం లాగుతుంది. ముఖానికి అర స్పూను, జారుగా కలిపి వేళ్లతో అద్ది కడిగేయడమే, రుద్దొద్దు. జిడ్డు చర్మానికి నీళ్లతో, పొడి చర్మానికి పాలతో లేదా పెరుగుతో కలపాలి.

మామూలు సబ్బు పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; 7 దాటితే క్షారం) 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దరిదాపుల్లో. తేడా కనిపించేది అక్కడే. పిండి నూనెను పీల్చుకుంటుంది, పప్పుధాన్యాల్లో ఉండే కొద్దిపాటి సాపోనిన్లు (కుంకుడుకాయలో లాంటి నురుగు పదార్థాలు) మిగతా పని చేస్తాయి. బోరు నీళ్ల ఊళ్లలో ఇంకో లాభం ఉంది: ఆ నీళ్లలోని కాల్షియంతో సబ్బు కలిసి తెల్లటి తెట్టు కడుతుంది, పిండికి ఆ బాధ లేదు.

ఈ పిండికి ఉన్న అసలు శత్రువు బాత్రూం తూము. నూనె, పిండి కలిసి లోపల ముద్దవుతాయి. జాలీ మీద పాత బట్ట ముక్క వేసి, పోగైంది చెత్తలో పడేయాలి. పూడుకుపోయిందని మరిగే నీళ్లు పోస్తే పిండి గంజిలా ఉడికి ఇంకా బిగుస్తుంది. నూనె పడిన గచ్చు జారుతుంది, పెద్దవాళ్లుండే ఇళ్లలో స్నానం కాగానే కడిగేయాలి.

మొదటి వారం ఒళ్లు సరిగ్గా శుభ్రపడలేదనిపిస్తుంది. సబ్బు తర్వాత వచ్చే బిర్రుకు అలవాటు పడ్డాం కదా, అంతే. దురద, ఎర్రదనం, పొక్కులు మాత్రం వేరే సంగతి. "లోపలి చెడు బయటికి పోతోంది" అని ఓర్చుకోవద్దు, అది పడకపోవడమే. అందుకే మొదట మోచేతి మడత లోపల కొద్దిగా రాసి కడిగి, రెండు రోజులు చూడాలి. పగుళ్లు, ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదతో చిట్లే జబ్బు) ఉన్న చర్మానికి, ముఖ్యంగా పసిపిల్లలకు, పిండి పెట్టొద్దు. చిట్లిన చర్మం మీద తిండి పదార్థాలు పదే పదే రాస్తే వాటికి అలర్జీ మొదలవ్వొచ్చు.

సబ్బు ఇంట్లోంచి పూర్తిగా పోదు. మరుగుదొడ్డి తర్వాత, వంటకు ముందు చేతులకు అదే కావాలి. సన్‌స్క్రీన్‌కు కూడా వంటింట్లో బదులు లేదు. కొబ్బరినూనె ఆ పని చేయదు, పైగా మొటిమలొచ్చే ముఖాన్ని ఇంకా పాడుచేస్తుంది.

పెద్ద డబ్బా వంటింటి అలమరలోనే ఉంచి, వారానికి సరిపడా మాత్రమే చిన్న స్టీలు డబ్బాలో బాత్రూంలో పెట్టుకోవాలి. అందులో తడి చెయ్యి పెట్టొద్దు, పొడి స్పూను వేయాలి. వానాకాలంలో పెద్ద డబ్బాను పదిహేను రోజులకోసారి ఎండలో పెట్టాలి. ముక్క వాసన వచ్చినా, పిండి దారాల్లా అల్లుకున్నా ఇక జల్లించి వాడే ఆలోచన మానేసి, మొక్కల మొదట్లో పోసేయడమే.