పోటుపాట్లు చూసుకుని షిరోయిషికి

జపాన్‌లోని క్యూషూ దీవిలో, సాగా ప్రిఫెక్చర్‌లో, అరియాకే సముద్రాన్ని ఆనుకుని ఉన్న వ్యవసాయ పట్టణం షిరోయిషి. ఇక్కడికి ప్రయాణం పెట్టుకునేవాళ్లు రైలు టైముల కన్నా ముందు పోటుపాట్ల పట్టిక చూసుకోవాలి. నేను మే నెల పున్నమి చూసుకుని బయల్దేరాను.

అరియాకే సన్నగా, పొడుగ్గా లోపలికి చొచ్చుకొచ్చిన అఖాతం. అందులో నీరు సహజంగా ఊగే లయ, పోటుపాట్ల లయ దగ్గరదగ్గరగా ఉంటాయి. అందుకే లోపలి కొసకు వచ్చేసరికి పోటు బాగా పెరుగుతుంది. పున్నమి, అమావాస్యల తర్వాత ఒకటి రెండు రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా 6 మీటర్ల దాకా వస్తుంది. జపాన్‌లో ఇంత తేడా ఇంకెక్కడా లేదు. ఆ రోజుల్లో పొద్దున 9, 10 గంటలకు నీళ్లు గట్టును తాకుతుంటే, మధ్యాహ్నం 3, 4 గంటలకు అదే చోట కిలోమీటర్ల కొద్దీ బురద కనిపిస్తుంది. వసంతం, వేసవుల్లో పగటి పాటు బాగా లోతుకు దిగుతుంది. చలికాలంలో ఆ లోతు రాత్రి పాటుకు ఉంటుంది. కాబట్టి బురద చూడాలనుకుంటే డిసెంబర్లో వెళ్లి లాభం లేదు.

ఫుకుఓకా నగరంలోని హకాటా స్టేషన్ నుంచి కసాసగి ఎక్స్‌ప్రెస్‌లో కోహోకు దాకా వెళ్లి, అక్కడ లోకల్ రైలు ఎక్కితే మొదటి స్టేషనే హిజెన్-షిరోయిషి. 2022 సెప్టెంబర్‌లో కొత్త షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) మొదలయ్యాక ఈ పాత లైన్‌లో రైళ్లు తగ్గాయి. తిరుగు రైలు టైము ముందే రాసిపెట్టుకోండి. ఊరంతా బల్లపరుపు నేల, సైకిల్ ఉంటే చాలు. సముద్రం గాలి ఎదురు కొట్టినప్పుడే తొక్కడం కష్టం.

స్టేషన్ నుంచి తీరం వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా కనిపించే పొలాల్లో చాలా భాగం ఒకప్పుడు సముద్రమే. శతాబ్దాలుగా గట్టు మీద గట్టు వేస్తూ బురదను పొలంగా మార్చుకున్నారు. తీరం దగ్గరి పొలాలు పోటు మట్టం కన్నా కిందే ఉంటాయి. తూములు పాటు వేళ తెరిస్తే మురుగు నీరు దానంతటదే సముద్రంలోకి దిగిపోతుంది, పోటు వేళ మూసేయాలి. పెద్ద వాన, పెద్ద పోటు ఒకేసారి వస్తే నీటికి దారి ఉండదు, పంపులతో తోడాల్సిందే. ఉప్పుటేరు ఎదురు తన్ని కొల్లేరు నీళ్లు దిగని రోజులు చూసినవాళ్లకు ఈ కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు. పక్కనే పారే రొక్కాకు నదికి వాలు ఎంత తక్కువంటే, పోటు నది వెంట సుమారు 29 కిలోమీటర్లు లోపలికి వెళ్తుంది.

ఇక్కడ ఇంకో సమస్య నేల కుంగడం. సాగునీరు చాలక బోర్ల నుంచి తోడేయడంతో మెత్తటి బంకమట్టి అణిగిపోయింది. 1994 కరువులో ఒక్క ఏడాదిలోనే 10 సెంటీమీటర్లకు పైగా దిగిన చోట్లు ఉన్నాయి. 2012లో కసే నది మీద డ్యామ్ పూర్తయ్యి, కాలువ నీరు వచ్చాక బోర్ల మీద భారం తగ్గింది.

మేలో వెళ్తే ఉల్లి కోత కంటపడుతుంది. నవంబర్ ప్రాంతంలో నారు నాటి, వసంతం నుంచి జూన్ దాకా తీస్తారు. వరి కోసిన పొలమే కాబట్టి నీరు నిలవకుండా బోదెలు ఎత్తుగా తోలతారు. ఆకులు వాలిపోయాక గడ్డలు పీకి, ఎండ చూసుకుని ఆరబెడతారు. జూన్‌లో వర్షాకాలం మొదలైపోతుంది కాబట్టి ఎవరికీ తీరికుండదు. 2016లో బూజు తెగులు ఇక్కడి ఉల్లిని బాగా దెబ్బతీసింది. దాని బీజాలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అందుకే చలికాలం చివర పాలిపోయి, మెలిక తిరిగిన మొక్క ఒక్కటి కనిపించినా వేళ్లతో సహా పీకి, సంచిలో వేసి పొలం బయటకు మోసుకుపోతారు. అక్కడే గట్టు మీద పడేస్తే తెగులు మళ్లీ పాకుతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది తామరదుంప సాగు. మేలో అప్పుడప్పుడే లేత ఆకులు నీటి మీదికి వస్తుంటాయి. తవ్వకం ఆగస్టు నుంచి మరుసటి వసంతం దాకా సాగుతుంది. జపాన్‌లో మిగతా చాలాచోట్ల నీటి పైపుతో బురదను చిమ్మి దుంప తేలుస్తారు. షిరోయిషి బంకమట్టిలో పంపు కన్నా చేతి పనే ఎక్కువ. ముందు మడిలో నీరు తీసేస్తారు, ఆకులూ కాడలూ కోసేస్తారు, యంత్రంతో పైమట్టి తొలగించి, ఆ తర్వాత పారతో తవ్వుతారు. పార దుంపకు తగిలిందా, ఆ గాటులోంచి బురద లోపలి గొట్టాల్లోకి దూరుతుంది. కడిగినా పోదు, ధర పడిపోతుంది. 2019లో మొదలైన మిచినోఎకి షిరోయిషి అనే రోడ్డు పక్క బజారులో సీజన్‌లో వెళ్తే మట్టి అంటిన దుంపలే తీసుకోండి, కడిగినవాటి కన్నా ఎక్కువ రోజులుంటాయి.

తీరంలో గట్టెక్కి కిందకి చూస్తే ముత్సుగొరో చేపలు కనిపిస్తాయి. మన కోరింగ మడ అడవుల్లో బురద మీద గెంతే చేపలకు ఇవి బంధువులే. తల అటూ ఇటూ ఊపుతూ బురద మీది నాచుపొరను గీరి తింటాయి. మే నుంచి జూలై దాకా మగవి రెక్కలు విప్పి నిలువునా ఎగురుతాయి. గట్టు మీద నీడ కదిలితే చాలు, అన్నీ బొరియల్లోకి దూరతాయి. పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే మళ్లీ పైకొస్తాయి. పట్టేవాళ్లు పొడవాటి చెక్కపలక మీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో తోసుకుంటూ వెళ్లి, ఎర లేని కొక్కేన్ని దూరం నుంచి విసిరి చేపకు తగిలిస్తారు.

మీరు మాత్రం సొంతంగా బురదలోకి దిగకండి. తొడ లోతు దిగబడితే కాలు పైకి లాగేకొద్దీ బురద కిందకి పీలుస్తుంది, పైగా నీరు తిరిగొచ్చే టైము ఆగదు. దిగాలనుంటే పక్కనున్న కషిమా ఊరి మిచినోఎకిలో సీజన్‌లో దింపే ఏర్పాటుంది. పాత బట్టలు, పాదాన్ని బిగించి పట్టే పాత మేజోళ్లు తీసుకెళ్లండి. బురదలోని గవ్వపెంకులు పాదాలు కోస్తాయి, వదులు చెప్పులు బురదలోనే ఉండిపోతాయి.

నోరి (తినే సముద్రపు నాచు) సాగు చూడాలంటే మాత్రం అక్టోబర్ తర్వాతే వెళ్లాలి. వలలు కట్టే కర్రలు మేలో ఉండవు.

భోజనానికి సుకోజుషి దొరికితే వదలొద్దు. చెక్కపెట్టెలో పులుపు కలిపిన అన్నం పరిచి, చతురస్రాలుగా గీతలు పెట్టి, ఒక్కో ముక్క మీద ముత్సుగొరో, రొయ్య, గుడ్డు, పుట్టగొడుగు అమరుస్తారు. ఇది పండగ వంట, అన్ని హోటళ్లలో ఉండదు. మిచినోఎకిలో పొద్దున్నే అడగడం మంచిది.