పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు డే సెంటర్ పెట్టాలనుకుంటే

స్పెషల్ స్కూలు పద్దెనిమిదేళ్లతో అయిపోతుంది. ఆ తర్వాత ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్నవాళ్లలో చాలామందికి ఇల్లే లోకం. టిఫిను, టీవీ, అన్నం, నిద్ర, మళ్లీ టీవీ. రెండు మూడేళ్లకే చొక్కా సైజు మారిపోతుంది, మెట్టెక్కితే ఆయాసం వస్తుంది. ఇలాంటి పెద్దవాళ్ల ఆరోగ్యం కోసం తిరుపతిలో పగటిపూట నడిచే కేంద్రం పెడదామని ఆలోచించేవాళ్లు ముందు బిల్డింగు, బోర్డు, వ్యాయామ యంత్రాల గురించి మాట్లాడతారు. నేను మాత్రం ముందు బాత్రూమ్ చూడమంటాను.

కారణం ఉంది. కొత్త చోట బాత్రూమ్ ఇబ్బందిగా ఉంటే మనిషి పొద్దున నుంచి సాయంత్రం దాకా ఆపుకుంటాడు, నీళ్లు తాగడం మానేస్తాడు. అసలే వీళ్లలో మలబద్ధకం ఎక్కువ. నోటితో చెప్పలేనివాళ్లు కడుపునొప్పిని తల కొట్టుకునో, పక్కవాళ్లను గిచ్చో, అన్నం తోసేసో చెబుతారు. మనం దానికి మొండితనమని పేరు పెడతాం. కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, వెస్టర్న్ కమోడ్, దానికి రెండు పక్కలా గోడకు బిగించిన పట్టుకునే కడ్డీలు, జారని టైల్స్, బయటి నుంచి కూడా తీయగల గడియ, బయటికి తెరుచుకునే తలుపు ఉండాలి. తలుపు లోపలికి తెరుచుకుంటే, లోపల పడిపోయిన మనిషే దానికి అడ్డమవుతాడు. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు కావాలి. ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలి. అద్దె ఇళ్లలో స్థలం లేదని ఆరడుగుల్లో సరిపెడతారు. దానిమీద వీల్‌చైర్ తోసేవాళ్లకు నడుం పోతుంది, దిగేటప్పుడు కూర్చున్నవాళ్లకు ప్రాణం పోతుంది.

మొదట ఆరుగురిని మించి చేర్చుకోకండి. నలుగురికి ఒకరు చొప్పున సిబ్బంది చాలనిపిస్తుంది కానీ తినిపించాల్సినవాళ్లు, బాత్రూమ్‌లో సాయం కావాల్సినవాళ్లు ఉంటే ఇద్దరికి ఒకరు కావాలి. ఆడవాళ్లకు ఆడవాళ్లే, మగవాళ్లకు మగవాళ్లే సాయం చేయాలి. ఇందులో సర్దుబాట్లు వద్దు. ఇంకొకటి, ముప్పై ఏళ్ల మనిషిని పాపా, బాబూ అని పిలవడం మొదటి రోజే మానేయండి. పేరుతో పిలవండి, లేదా అన్నా, అక్కా అనండి. పాప అని పిలిచినంత కాలం చేతికి గరిటె ఇవ్వబుద్ధి కాదు.

మొదటి నెల కొలతలకే సరిపోతుంది. బరువు, నడుం చుట్టుకొలత, బీపీ, చదునైన నేలమీద ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారు అన్నవి రాసుకోవాలి. మనవాళ్లకు నడుం మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. డాక్టరు సలహాతో షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, విటమిన్ డి చూపించాలి. పళ్లు, చెవులు, కళ్లు మరవొద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు థైరాయిడ్ తగ్గడం చాలా మామూలు, ఏడాదికోసారి పరీక్ష తప్పదు. మందకొడితనం, లావెక్కడం వాళ్ల స్వభావమే అనుకుని ఏళ్లు గడిపేసే ఇళ్లున్నాయి.

మందుల చీటీ కూడా చదవాలి. ఫిట్స్‌కిచ్చే వాల్ప్రోయేట్, కోపం, చిరాకు తగ్గడానికిచ్చే రిస్పెరిడోన్, ఓలాంజపిన్ లాంటివి ఆకలినీ బరువునూ పెంచుతాయి. అంటే ఆ మనిషి తిండిపోతు కాదు, మందు అడిగిస్తోంది. అలాగని మనంతట మనం ఆపకూడదు; ఫిట్స్ మందు ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. బరువు లెక్క తీసుకెళ్లి, మందు రాసిన డాక్టరుకే చూపించాలి.

వ్యాయామం పది నిమిషాల నడకతో మొదలై, వారానికి ఐదేసి నిమిషాలు పెరిగి, ముప్పై దగ్గర ఆగితే చాలు. వారంలో ఐదు రోజులంటే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అంతే. దాంతోపాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎనిమిదిసార్లు లేవడం, అర లీటరు నీళ్ల సీసాలు రెండు చేతులా పట్టుకుని ఎత్తడం. యంత్రాలు అక్కర్లేదు. యోగా మాస్టారిని పిలిస్తే మాత్రం ముందే ఒక మాట చెప్పాలి: డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల చేత సర్వాంగాసనం, హలాసనం, పిల్లిమొగ్గలు వేయించవద్దు. వాళ్లలో కొందరికి మెడలో పైరెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. ఒత్తిడి పడితే వెన్నుపాము నలుగుతుంది. నడక తీరు మారినా, మెడ వంకరగా పెట్టినా, ఇంతకుముందు లేనిది బట్టల్లో మూత్రం పోసుకుంటున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ల బిగుసుకున్న కాళ్లను బలవంతంగా చాపకండి. ఎంత, ఎలా అనేది ఫిజియోథెరపిస్టు నేర్పాలి. ఎముకలు, కీళ్ల సంగతికి ఊళ్లోనే టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రి ఉంది.

కొండకు నడిపిస్తామని ఇంట్లోవాళ్లు ఉత్సాహపడతారు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. పుట్టుకతో గుండెజబ్బున్నవాళ్లు డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో చాలామందే కాబట్టి, గుండె డాక్టరు సరేననే దాకా మొక్కు ఆగాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అయితే ఆరుబయట నడకే వద్దు. వణుకు, బిగుతు తగ్గడానికిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, ఫిట్స్‌కిచ్చే టోపిరమేట్ వాడేవాళ్లకు చెమట సరిగా పట్టదు, ఒళ్లు ఇట్టే కాగిపోతుంది. హాల్లోనే రౌండ్లు వేయించి, గంటకోసారి అడగకుండానే మజ్జిగో నీళ్లో చేతికివ్వాలి.

తిండికి డైట్ చార్టు గోడమీద అంటిస్తే ఎవరూ చూడరు. వంట వాళ్ల చేతే చేయించాలి. ఆరుగురికి సంగటి అంటే గ్లాసు నూకలు, గ్లాసున్నర రాగిపిండి, ఆరు గ్లాసుల నీళ్లు. ముద్ద వాళ్ల పిడికిలంత, సగం పళ్లెం ఆకుకూరో కూరగాయో, మిగతాది పప్పో గుడ్డో. చెనిక్కాయలతో, అంటే వేరుశనగలతో, నూరిన ఊరిబిండి పచ్చడి ఒక చెంచా. రుచి పోతే రేపు రారు కాబట్టి అదొద్దనకండి. స్టవ్ ఇండక్షన్‌దే కొనండి. పని నేర్పేటప్పుడు చివరి మెట్టు నుంచి వెనక్కి రావాలి. మజ్జిగే తీసుకోండి: మొదటి వారం మీరు చిలికి ఇస్తే వాళ్లు గ్లాసులో పోస్తారు. రెండో వారం ఉప్పు వేసి పోస్తారు. చిలకడం ఆ తర్వాత. ఇలాగైతే రోజూ పని వాళ్ల చేతిలోనే పూర్తవుతుంది. ప్రతి మెట్టుకూ ఫోటో తీసి వరుసగా అతికించండి. బొమ్మల కంటే మీ వంటింటి గిన్నె ఫోటోనే బాగా అర్థమవుతుంది.

సంగటితో ఒక ప్రమాదముంది. మన వైపు దాన్ని నమలకుండా మింగడమే అలవాటు. మింగడం కష్టమైనవాళ్లకు ముద్ద గొంతులో అడ్డం పడుతుంది. తినేటప్పుడు దగ్గు, గొంతులో గరగర, మాటిమాటికీ నెమ్ము చేయడం కనిపిస్తే సంగటి, మురుకులు, చెనిక్కాయ గింజలు ఆపేసి, మింగుడు పరీక్ష చేసే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. ఎంత చిక్కగా ఇవ్వాలో వాళ్లే చెబుతారు. తిన్నాక అరగంట నిటారుగా కూర్చోబెట్టాలి.

ఫిట్స్ వస్తే తాళంచెవులు, ఇనుపముక్క చేతిలో పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం ఇప్పటికీ మానలేదు జనం. వంటమనిషికీ ఆటో డ్రైవరుకీ కూడా నేర్పండి: పక్కకు తిప్పి పడుకోబెట్టడం, తలకింద మెత్తటిది పెట్టడం, గడియారం చూడడం. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108.

కాగితాల సంగతి. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరయ్యాక, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద డే సెంటర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. చేరేవాళ్ల దగ్గర యూడీఐడీ (వైకల్యం గుర్తింపు) కార్డు జిరాక్సు, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఉందో లేదో చూడండి. అది లక్ష రూపాయల దాకా ఇస్తుంది. పద్దెనిమిది దాటాక అమ్మానాన్నలు వాళ్లంతట వాళ్లే చట్టప్రకారం సంరక్షకులు కారు. అవసరమైతే కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకోవాలి.

ఇక లడ్డు. ఈ ఊళ్లో చుట్టాలు కొండ దిగితే ప్రసాదం తప్పదు, ఏ పుట్టినరోజైనా సెంటర్‌కి స్వీట్ పాకెట్ వస్తుంది. వద్దంటే కళ్లకద్దుకున్నదాన్ని కాదన్నట్టవుతుంది. పెద్ద లడ్డును ఎనిమిది ముక్కలు చేసి, తలా ఒకటి పెట్టి, మిగిలింది తెచ్చినవాళ్లకే తిరిగిచ్చేయండి. సెంటర్ ఫ్రిజ్‌లో పెడితే అది మూడింటికల్లా ఉండదు, ఎవరు తిన్నారో ఎవరూ చెప్పరు. బరువు చూసేది శుక్రవారం పెట్టుకోండి. సోమవారం చూస్తే ఆదివారం ఇంట్లో తిన్న బిర్యానీ లెక్కంతా సెంటర్ ఖాతాలో పడుతుంది.