మూడు ఆకుల లెక్క: వుయెల్తా అబాహోలో నా అనుభవం

క్యూబా చుట్ట గొప్పతనమంతా అక్కడి మట్టిలోనే ఉందని మా ఒంగోలు వైపు పొగాకు వ్యాపారంలో ఉన్నవారు తరచుగా అంటారు. చిన్నప్పటి నుంచి వర్జీనియా పొగాకు గ్రేడింగు మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి, ఆకును వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, అది మొక్కలో ఏ ఎత్తున కాసిందో చెప్పడం నాకు అలవాటే. అయితే వేరువేరు ఆకులను కలిపి ఒక రుచిని ఎలా నిలబెడతారన్నది గ్రేడింగు బల్ల దగ్గర తెలిసే విషయం కాదు. అది నేర్చుకోవాలనే కోరికతో, ఫిబ్రవరిలో ఆకు రెలుపులు (కోతలు) సాగుతున్న రోజుల్లో, క్యూబా పడమటి కొసన పినార్ దెల్ రియో ప్రావిన్సులోని సాన్ లూయిస్ దగ్గర ఒక రైతు ఇంట ఉన్నాను.

మట్టి గురించి మావాళ్లు చెప్పే మాటలో నిజం లేకపోలేదు. చుట్ట లోపలి ఆకు, దాన్ని కట్టిపెట్టే ఆకు, పైచుట్టు ఆకు, ఈ మూడూ ఒకేచోట పండే ప్రాంతం క్యూబాలో వుయెల్తా అబాహో ఒక్కటే. నీరు నిలవని ఎర్రటి ఇసుక నేల, వానలు తగ్గిన చలికాలం అక్కడి బలం. హవానాకు దగ్గరగా ఉన్న పార్తీదో పైచుట్టు ఆకుకు పేరుపొందింది. ద్వీపం నడుమనున్న రెమెదియోస్ ప్రాంతపు ఆకు ఎక్కువగా హొసె ఎల్. పియెద్రా వంటి చవక చుట్టల్లోకి వెళుతుంది. వుయెల్తా అబాహోలో కూడా సాన్ లూయిస్ పైచుట్టు ఆకుకు, పక్కనే ఉన్న సాన్ హువాన్ ఇ మార్తీనెస్ లోపలి ఆకుకు ప్రసిద్ధి.

పైచుట్టు ఆకు కోసం పెంచే మొక్కలకు పలుచని గుడ్డ పందిరి వేస్తారు. నీడలో ఆ ఆకు వెడల్పుగా, పలుచగా, నునుపుగా సాగుతుంది. లోపలికి వాడే ఆకు మాత్రం నేరుగా ఎండలోనే పెరగాలి. పూమొగ్గను తుంచివేస్తే మొక్క సత్తువంతా ఆకుల్లోకి మళ్లుతుంది, అందులో పెద్ద వాటా పై ఆకులకు దక్కుతుంది. అడుగు ఆకును వొలాదో అని, నడిమి ఆకును సెకో అని, పై ఆకును లిహేరో అని పిలుస్తారు. అన్నిటికన్నా పైన కొన్ని మొక్కలకే వచ్చే చిన్న ఆకుల జత పేరు మేదియో తియెంపో. 2010లో వచ్చిన కొహీబా బెహికె చుట్టలకు ప్రత్యేకత తెచ్చింది ఆ ఆకే.

మాకూ వారికీ అసలు తేడా ఆకు కోసిన తరువాత మొదలవుతుంది. వర్జీనియా ఆకును మేము బ్యారన్ అనే మూసిన కొట్టంలో వేడి పెట్టి వారం రోజుల్లో ఆరబెడతాం. ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారగానే వేడి ఆ మార్పును అక్కడితో ఆపేస్తుంది కనుక మన ఆకులో తీపి మిగిలిపోతుంది. వారు ఆకులను జతలుగా కుట్టి, కర్రలకు వేలాడదీసి, గాలికే దాదాపు 50 రోజులు ఆరనిస్తారు. ఆకు మెల్లగా ఎండుతూ తన చక్కెరను తానే ఖర్చు చేసుకుంటుంది. ఆ తరువాత మండెలు (ఆకు కుప్పలు) వేసి మాగబెడతారు. తొలి మాగుడులో మండె వేడి 35 డిగ్రీలు దాటకుండా చూస్తారు, రెండోసారి తడిపి మళ్లీ పేరుస్తారు. ఈ రెండో దశ వొలాదోకు 45 రోజులు, సెకోకు 60, లిహేరోకు 90 రోజుల దాకా పడుతుంది. మండె విప్పినప్పుడు కళ్లు మండించే అమ్మోనియా ఘాటు లేచింది. ఆకులోని కరుకుదనం ఆ రూపంలోనే బయటికి పోతుందని నేను దిగిన ఇంటి పెద్దాయన చెప్పారు. ఇలా మాగిన ఆకు పొగలో క్షారగుణం ఉంటుంది కాబట్టి నికోటిన్ నోటి పొరల నుంచే ఒంటికి ఎక్కుతుంది. చుట్ట తాగేవారు పొగను గుండెల్లోకి లాగకపోవడానికి కారణం అదే.

అసలు పాఠం ఆ ఇంటి వసారాలో జరిగింది. పెద్దాయన మూడు రకాల ఆకునూ ఈనె తీసి, దేనికదే సన్నని చుట్టగా చుట్టి, కొన్నాళ్లు ఆరనిచ్చి నాకు ఇచ్చారు. వొలాదో అంటించగానే చక్కగా రాజుకుంది, బూడిద సమంగా నిలిచింది, నోట్లో మాత్రం ఎండుగడ్డి వంటి పలుచని రుచి తప్ప ఏమీ మిగల్లేదు. సెకోలో దేవదారు చెక్క వాసన, కాల్చిన వేరుశనగ కమ్మదనం ఉన్నాయి, ఘాటు పెద్దగా లేదు. లిహేరో ముదురు గోధుమ రంగులో, జిడ్డుగా, తోలులా వేలికి అంటుకునే మందపు ఆకు. అది మాటిమాటికీ ఆరిపోయింది, మళ్లీ వెలిగించిన ప్రతిసారీ మిరియపు మంట నాలుక మొదటిదాకా పాకింది, సగానికి రాకముందే నా నుదుట చెమట పట్టింది. మూడింటిలో దేన్నీ నేను చివరిదాకా ఇష్టంగా తాగలేకపోయాను.

తరువాత ఆయన అవే ఆకులను కలిపి చుట్టడం చూపించారు. లిహేరో కచ్చితంగా నడిబొడ్డున ఉండాలి, అంచుకు జరిగితే చుట్ట ఒకవైపే కాలుతుంది. దాని చుట్టూ సెకో, వెలుపల వొలాదో. పొయ్యిలో లావు మొద్దుకు చితుకులు అందించినట్టు, లిహేరో ఆరిపోకుండా కాలడానికి వొలాదో ఉపకరిస్తుంది. ఒక్కో ఆకును వేలెడు మందాన మడిచి, మధ్యలో గాలి పోయే సందులు విడిచి, పిడికిట్లో దగ్గరకు చేర్చే ఆ పనిలో చేతికి తెలిసే బిగువు చాలా ముఖ్యం. ఎక్కువ నొక్కితే పొగ రాదు, వదులైతే వేడెక్కి చేదెక్కుతుంది. లిహేరోను అర ఆకు తగ్గించి ఒకటి, పెంచి ఒకటి చుట్టి ఇచ్చారు. అర ఆకు తేడాకే ఒకటి మధ్యాహ్నపు కాఫీతో సరిపోయే మెత్తని చుట్టగా, మరొకటి కడుపునిండా తిన్నాక గాని ముట్టకూడని గట్టి చుట్టగా మారాయి. పొలం అదే, పంట అదే, చెయ్యి కూడా అదే.

కొన్నాళ్లకు సాన్ హువాన్ ఇ మార్తీనెస్‌లో ఓయో దె మొంతెరే తోట గుమ్మం ముందు నిలబడినప్పుడు ఈ సంగతి నాకు ఇంకా గట్టిగా బోధపడింది. దానిపై ఒకప్పటి యజమాని హొసె హెనెర్ పేరు, 1860 అనే సంవత్సరం నేటికీ కనిపిస్తాయి. ఆ తోట పేరు పెట్టుకున్న ఓయో దె మొంతెరే చుట్టలు మెత్తదనానికి పేరుపడ్డాయి. 1845లో పుట్టిన పార్తగాస్ అనే చుట్టల బ్రాండు ఘాటుకు పేరుపడింది. రెండింటికీ ఆకు వుయెల్తా అబాహోదే. అందుకే నా దృష్టిలో మట్టి ఇచ్చేది పరిధిని మాత్రమే, ఆ పరిధిలో చుట్ట ఏ గుణంతో నిలవాలో నిర్ణయించేది పాళ్లు. సన్నని చుట్టల్లో లిహేరోకు చోటు తక్కువ కాబట్టి వాటి తీరు వేరు. లావు చుట్టల్లో మాత్రం కలిపేవాడికి పాళ్లు మార్చుకునే వీలు ఉంటుంది.

ఆ పాళ్లు కూడా ఏటా ఒకేలా ఉండవన్నది నేను చివరిగా తెలుసుకున్న విషయం. వాన పడిన ఏడు ఆకు పలుచనవుతుంది, ఎండ కాసిన ఏడు ముదురుతుంది. లిహేరోను కనీసం రెండేళ్లు నిల్వ ఉంచి వాడతారు కాబట్టి ఒకే చుట్టలో వేరువేరు సంవత్సరాల, వేరువేరు పొలాల ఆకులు కలుస్తాయి. పేరు మీది రుచి మారకూడదంటే లోపలి లెక్క మారుతూనే ఉండాలి. ఆ ఏడాది ఆకు నీరసంగా ఉందని పెద్దాయన తన ఇంటి చుట్టలకు లిహేరో పావు ఆకు పెంచారు, పెంచిన తరువాత ముందుగా తాను వెలిగించి చూసి, తలూపి, ఆ పాళ్లతోనే మిగతావన్నీ చుట్టారు.