మ్యాడ్జ్ అవ్వ కథలో చచ్చిన జాక్

ఇవాళ పెద్దగా ఏం జరగలేదు. పొద్దున వర్షం, ఆరేసిన బట్టలన్నీ మళ్లీ లోపలికి, మధ్యాహ్నం పప్పుచారన్నం తిని ఓ కునుకు తీద్దామని జార్జ్ పీల్ నాటకం ‘ది ఓల్డ్ వైవ్స్ టేల్’ పట్టుకుని పడుకున్నా, ఇంక నిద్రెక్కడిది. 1595లో అచ్చయిన ఇంగ్లిష్ కామెడీ ఇది, ఎలిజబెత్ రాణి ట్రూప్ వాళ్లు ఆడిన నాటకం.

అడవిలో దారితప్పిన ముగ్గురు కుర్రాళ్లని క్లంచ్ అనే కమ్మరి ఇంటికి తీసుకెళ్తాడు. ఒకడు ఆయనతో పాటు పోయి పడుకుంటాడు, మిగతా ఇద్దరూ కమ్మరి భార్య, ముసలామె మ్యాడ్జ్‌ని కథ చెప్పమంటారు. ఆవిడ అనగనగా ఒక రాజో, ప్రభువో, డ్యూకో, ఆయనకో చక్కని కూతురు అని మొదలెట్టి, పిల్లని ఎవరో ఎత్తుకుపోయారు అనేసి, అయ్యో మర్చేపోయా, మంత్రగాడొకడున్నాడు కదా అని మళ్లీ వెనక్కొస్తుంది! ఇంతలో ఆ కథలో మనుషులే నిజంగా స్టేజీ మీదకి నడిచొచ్చేస్తారు. ఈ నాటకం గందరగోళంగా ఉందని చాలామంది అన్నారుగానీ నాకైతే అలా అనిపించలేదు, నోటితో చెప్పే కథ ఎలా నడుస్తుందో పీల్ అలాగే రాశాడు. మధ్యలో అవ్వ నిద్రపోతుంది కూడా, కథ మాత్రం ఆగదు.

ఆ మంత్రగాడు సాక్రపాంట్ శక్తంతా నేలలో పాతిన గాజుబుడ్డిలో వెలిగే దీపంలో ఉంటుంది. కన్యా, భార్యా, విధవా ఏదీ కాని ఆడమనిషే దాన్ని పగలగొట్టగలదు. మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో దాచిపెట్టినట్టే, ఆ చిలక ఇంగ్లండ్‌లో దీపమైందన్నమాట. పైగా వీడికింకో ధీమా, చచ్చినవాడి చేతిలో తప్ప చావు లేదని. వీడి మాయవల్ల పగలు ముసలాడిగా, రాత్రి ఎలుగుబంటిగా ఉండే ఎరెస్టస్ ఉన్నాడు, బావిలోంచి తలలు పైకొచ్చి జుట్టు దువ్వమని అడుగుతాయి, నోటిదురుసు అందగత్తె కడవతో ఒకదాని నెత్తిన కొడితే, కురూపి చెల్లెలు నెమ్మదిగా దువ్వి బంగారం సంపాదిస్తుంది.

కానీ నన్ను కదిలించింది జాక్. డబ్బుల్లేక అతని శవాన్ని పాతిపెట్టకపోతే, మంత్రగాడు ఎత్తుకుపోయిన రాకుమారి డెలియాని వెతుక్కుంటూ దారినపోయే యుమెనిడిస్ తన దగ్గరున్నదంతా ఇచ్చేస్తాడు. తర్వాత ఆ జాక్ దెయ్యమే పనివాడిలా వచ్చి చేరి, మంత్రగాణ్ని చంపి, వచ్చిందాంట్లో సగం నాదన్న ఒప్పందం గుర్తుచేస్తాడు. సగం అంటే డెలియాలో కూడా! యుమెనిడిస్ మాట తప్పనని ఆమెని రెండుగా నరకడానికి కత్తి దూస్తాడు, పరీక్షేలే అని జాక్ ఆపి, మళ్లీ భూమిలోకి దూకేస్తాడు.

నవ్వించే నాటకంలో ఇంత భయమేంటి అని పుస్తకం పక్కన పెట్టా. పైగా ఈ నిజాయితీ పరీక్ష ఎవరికి, నరకబోయేది ఎవర్ని? డెలియా చేసిందల్లా లోకానికీ యుమెనిడిస్‌కీ సెలవు చెప్పుకోవడమే, ఆమెని అడిగినవాడే లేడు, ఆ ఒప్పందం గురించి ఆమెకి ముందు తెలియను కూడా తెలియదు. కత్తి దించగానే అందరూ సంబరంగా ప్రయాణం కడతారు. పీల్ దగ్గరుంటే ఈ ఒక్కచోట గట్టిగా నిలదీసేదాన్ని.