చలికాలంలో అడుగు గాలం: ముల్లు చిన్నది, మేత కొంచెం

మత్తడి దుంకేటప్పుడు వేసిన లావు గాలాన్నే పుష్యంలోనూ వేసి, పడలేదని చెరువును తిట్టేవాళ్లు చాలామంది. వరంగల్ వైపు డిసెంబరు, జనవరిలో రాత్రి చలికి నీళ్లు చల్లబడతాయి. చేప ఒంటి వేడి నీటిని బట్టే ఉంటుంది. నీళ్లు చల్లబడ్డకొద్దీ దాని అరుగుదల మందగిస్తుంది. తినడం మానదు గానీ కొంచెం తింటుంది, నెమ్మదిగా తింటుంది. అందుకని ముల్లు, తంగూసు (గాలం నైలాను దారం), ఎర, చల్లే మేత, అన్నీ ఒక మెట్టు తగ్గించాలి.

ఇది బంగారు తీగ, మృగాల, జెల్లల కోసం. మూడూ అడుగున మేసేవే. బొచ్చె పైనీళ్లలో తిరుగుతుంది, రవ్వ నడి నీళ్లలో మేస్తుంది, వాటికి ఈ సామాను దండగ. కొర్రమీను సంగతి పూర్తిగా వేరు.

రాడ్ ఎనిమిది తొమ్మిది అడుగులుంటే చాలు. రీలు మీద 0.28 మిల్లీమీటర్ల తంగూసు ఎక్కించండి. దానికి జారే స్వివెల్ (తంగూసు మెలి పడకుండా తిరిగే చిన్న లోహపు కడియం) ఒకటి, తర్వాత ఒక పూస, ఆ తర్వాత కట్టుడు స్వివెల్. ఈ రెండో స్వివెల్‌కు 0.22 తంగూసు ఒక జానెడు కట్టి, చివర 8 నంబరు ముల్లు వేయాలి. ముల్లు నంబరు పెరిగితే సైజు తగ్గుతుంది. జెల్లలే ఎక్కువగా ఉన్నచోట 10 వేసుకోండి. వానకాలం వేసే 4 నంబరు ఇప్పుడు పెట్టెలోనే ఉండనీయండి.

సీసం 15 గ్రాములది చాలు, కట్ట మీద గాలి ఎక్కువగా ఉంటే 20. దాన్ని జారే స్వివెల్‌కు 0.18 తంగూసుతో నాలుగు వేళ్ల పొడవున కట్టాలి. శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, సర్కారు తుమ్మ మొద్దులు మునిగి ఉంటాయి, సీసం వాటిలో ఇరుక్కుంటుంది. సన్న తంగూసు ముందుగా తెగి సీసం ఒక్కటే పోతుంది, చేప ముల్లుకే ఉంటుంది. అన్నీ ఒకే లావుతో కడితే చేపతోపాటు మూడు గజాల తంగూసూ పోతుంది. గుండ్రటి సీసం బురదలో దిగబడి ఎరను కూడా లాక్కుపోతుంది, పూడిక ఎక్కువున్న చెరువులో పలక సీసం వాడండి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపడం మరిచిపోవద్దు. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాను అక్కడే బలహీనపడుతుంది, తెగితే ముడి దగ్గరే తెగుతుంది.

ఎరల్లో ఈ కాలానికి ఎర్రలను (వానపాములను) మించింది లేదు. పాత పెంటకుప్ప అంచున తడి మట్టి తవ్వితే దొరుకుతాయి. తాజా పేడ కుప్పలో వేడి ఎక్కువ, అక్కడ వెతకొద్దు. చిల్లులు పెట్టిన డబ్బాలో తడి మట్టి, ఎండుటాకులు వేసి నీడలో పెట్టుకోవాలి. నీళ్లు ఎక్కువైతే చస్తాయి, చచ్చిన ఎర్రను చేప సరిగా ముట్టదు. పెద్దదైతే సగానికి తెంపండి. ముల్లుకు రెండు మూడు చోట్ల గుచ్చి, చివర ఒక సెంటీమీటరు వేలాడనివ్వాలి, ఆ కదలికకే చేప వస్తుంది. గుత్తిగా నాలుగు ఎర్రలు గుచ్చితే బంగారు తీగ చివర్లు మాత్రం కొరికి పోతుంది. గంట మోగడమే తప్ప చేప పడదు.

పిండి కావాలంటే గోధుమపిండి 100 గ్రాములు, పల్లి చెక్క పొడి 30 గ్రాములు, వేయించి దంచిన మెంతులు అర చెంచా. గట్టిగా కలిపి, ఉండ చేసి, మరిగే నీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి తీసి, చిటికెడు దూది పోగులు వేసి మళ్లీ పిసకండి. దూది పోగులు పిండిని ముల్లు మీద పట్టి ఉంచుతాయి. గ్లాసు నీళ్లలో శనగగింజంత ఉండ వేసి చూడండి. పావుగంటలో కరిగితే ఇంకొంచెం పిండి కలపాలి. రాయిలా ఉంటే ముల్లు మొన చేపకు దిగదు. వాసన కోసం నెయ్యి పూసే అలవాటు ఉంటే చలికాలం మానండి. చల్లని నీళ్లలో అది గడ్డకట్టి వాసనను లోపలే బంధిస్తుంది. దంచిన వెల్లుల్లి నయం.

తప్పులు ఎక్కువగా జరిగేది చల్లే మేతలో. తవుడు కిలో, మక్కపిండి పావుకిలో, పల్లి చెక్క పొడి పావుకిలో, చెరువు ఒడ్డు బంకమట్టి రెండు గుప్పిళ్లు. ఈ మట్టి బరువుకే ఉండ అడుగుకు పోతుంది. నిమ్మకాయంత ఉండలు మూడు వేసి అరగంట ఆగండి. ఎండాకాలం పది వేసినా నష్టం లేదు. ఇప్పుడు మూడుకు మించి వేస్తే చేపకు మేతతోనే కడుపు నిండుతుంది, ఎర ముట్టదు. మిగిలిన కలిపిన తవుడు రాత్రికే పులుస్తుంది, రేపటికి దాచొద్దు.

పొద్దున ఆరింటికే పోవాల్సిన పని లేదు. తెల్లవారేసరికి నీళ్లు చల్లగా ఉంటాయి, రాత్రంతా నాచు మొక్కలు ప్రాణవాయువు వాడేసి ఉంటాయి. పది దాటాక ఎండ పడే ఒడ్డు వైపు లోతు తక్కువ నీళ్లు ముందు వేడెక్కుతాయి, మధ్యాహ్నం అక్కడ వేయండి. పొద్దున, మబ్బు పట్టిన రోజున కట్ట వైపు తూము దగ్గరి లోతు నీళ్లే నమ్మదగినవి. రామప్ప, లక్నవరం లాంటి పెద్ద చెరువుల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. చాలా చెరువుల్లో చేప మీద హక్కు మత్స్య సహకార సంఘానిది, ముందుగా అడగండి. పాకాల అభయారణ్యంలో అనుమతి లేకుండా గాలం వేయొద్దు.

రాడ్ కొసకు కట్టిన గంట మోగిందని వెంటనే గుంజొద్దు. టకటకమంటే పరకలు (చిన్న చేపలు) పీకుతున్నాయి, ఎర మార్చుకోండి. నెమ్మదిగా ఒక వైపుకు లాగితే లెక్క రెండు పెట్టుకుని ఎత్తండి. తంగూసు ఉన్నట్టుండి వదులైతే అదీ పట్టే: చేప ఎర ఎత్తుకుని మీ వైపే వస్తోంది. వదులును చుట్టుకుని అప్పుడు గుంజాలి. రీలు బిగింపు వదులుగా ఉంచండి, లేకపోతే పెద్ద బంగారు తీగ రాడ్‌ను నీళ్లలోకి ఈడ్చుకుపోతుంది. జెల్లను తడి గుడ్డతో పట్టండి. వీపు మీద, రెండు పక్కల ముళ్లు ఉంటాయి. గుచ్చుకుంటే చర్మం ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి ముంచితే నొప్పి తగ్గుతుంది.