ప్చుం బెన్ పండుగలో మా అమ్మమ్మ పేరు

2025 సెప్టెంబరు 21 మనకు మహాలయ అమావాస్య. ఆనాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు నేను కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్‌లో, ఒక బౌద్ధ విహారం ముంగిట, చెప్పులు విడిచి, నువ్వులు కలిపిన జిగట అన్నం ముద్దల పళ్ళెం పట్టుకొని నిలబడి ఉన్నాను. జపనీస్ నేర్చుకునే రోజుల్లో పరిచయమై, ఇప్పుడు అదే భాష బోధిస్తున్న ఖ్మేర్ స్నేహితురాలు ప్చుం బెన్ పండుగకు రమ్మని పిలిచింది.

ఖ్మేర్ పంచాంగంలో ఈ నెల ఫొత్రబొత్, అంటే మన భాద్రపదమే. దాని కృష్ణపక్షం పదిహేను రోజులూ పితృదేవతలవి. ‘ప్చుం’ అంటే కూడడం, ‘బెన్’ అంటే పిండం. ప్రేతరూపంలో ఉన్నవారు వెలుగును భరించలేరని నమ్మకం కనుక చీకటిలోనే గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తూ ముద్దలను నేలపై వదులుతారు. అన్నం నేలపాలు చేయకుండా పేదలకు పెట్టమని చెప్పే భిక్షువులూ ఉన్నారు. వారి మాట నాకు సబబుగానే తోచింది గాని, ఆ చీకటిలో ఆ ముద్దలు వదులుతున్న ముసలి చేతులను చూశాక వాదించే మనసు రాలేదు. స్నేహితురాలి అమ్మమ్మ, అందరూ ‘యేయ్’ అని పిలిచే ఆమె, నా పళ్ళెం చూపి, “మీవాళ్ళ పేర్లు పైకి చెప్పు” అన్నది. నాన్న, తాత, ముత్తాత పేర్లు చెప్పి ఆగిపోయాను. ఇక్కడ ఏడు తరాల వారిని తలచుకుంటారు. “మరి అమ్మ వైపు?” అని యేయ్ అడిగినప్పుడు, అమ్మమ్మ పేరు చెప్పగలిగాను గాని ఆమెను కన్న తల్లి పేరు నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం వంటింట్లో రెండు దేశాల పిండివంటలు సాగాయి. జపాన్‌లో శరద్విషువత్తు, అంటే శరత్తులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, దాని చుట్టూ ఏడు రోజులు హిగాన్. ఆ మాటకు ఆవలి ఒడ్డు అని అర్థం. పెద్దల సమాధులు దర్శించి ఒహగి అనే తీపి ముద్దలు నివేదిస్తారు. ఆ ఏడాది హిగాన్ సెప్టెంబరు 20న మొదలై ప్చుం బెన్‌తో కలిసి వచ్చింది గనుక, స్నేహితురాలు విద్యార్థులను ఇంటికే పిలిచి ఒహగి చేయించింది. ఉడికించిన జిగట అన్నాన్ని సగం నలిపి ఉండచేసి, దానిపై తియ్యటి అజుకి గింజల ముద్ద పొదుగుతారు. మన పూర్ణం బూరెలో లోపల ఉండేది ఇక్కడ బయట ఉంటుందన్నమాట. పక్కనే యేయ్ అదే రకం బియ్యంలో పెసరపప్పు, పంది మాంసం పెట్టి అరటి ఆకులో బిగించి నుం అన్సామ్ కడుతోంది; అవి గంటల తరబడి ఉడకాలి. ఆకు చిరగకుండా మడవడం నాకు నాలుగో ప్రయత్నానికి గాని రాలేదు.

పొయ్యి దగ్గర కూర్చున్న ఒక విద్యార్థి జపనీస్ అక్షరమాల వల్లించాడు: అ, ఇ, ఉ, ఎ, ఒ, క, స, త, న, హ, మ, య, ర, వ. ఆ వరుస సంస్కృత వర్ణమాల నుండి బౌద్ధ పండితుల ద్వారా జపాన్ చేరిందని స్నేహితురాలు వివరించింది. ఖ్మేర్ లిపి పల్లవ లిపి సంతతి, మన లిపి దానికి దాయాది. అందుకే ఆ పిల్లలకూ నాకూ ఆ వరుస కొత్తగా అనిపించలేదు. స్నేహితురాలిని గురువు అనే మాట నుండే పుట్టిన ‘గ్రూ’ అని ఒకరు, జపనీస్‌లో గురువుకు వాడే ‘సెన్సేయ్’ అని మరొకరు పిలుస్తుంటే ఆమె రెంటికీ పలికేది.

ఆంగ్‌కోర్ వాట్ స్తంభంపై 1632లో మొరిమొతో కజుఫుస అనే జపనీయుడు సిరాతో రాసిన రాత సంగతి కూడా అక్కడే వచ్చింది. ఆ ఆలయాన్ని బుద్ధుడు నివసించిన జేతవన విహారంగా భావించి సముద్రం దాటి వచ్చి, నాలుగు బుద్ధ విగ్రహాలు సమర్పించి, తండ్రి కోసమూ, తల్లి పరలోక సుఖం కోసమూ రాస్తున్నానని అతడు పేర్కొన్నాడు. ఆ తల్లి ప్రస్తావన విన్నాక నేను లేచి బయటికి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ కాసేపు ఆలోచించి, “వెంకాయమ్మ. మా అమ్మమ్మ పేరు వెంకాయమ్మ. ఇప్పుడెందుకే?” అన్నది.

మరునాడు పండుగ చివరి రోజు. యేయ్ క్యారియర్ కింది గిన్నెలో అన్సామ్, పై గిన్నెలో ఒహగి సర్దింది. విహారంలో భిక్షువులు మృతుల పేర్లు చదివేందుకు కాగితాలు ఇస్తున్నారు. నేను తెలుగులో రాసిన పేరును స్నేహితురాలు అక్షరం అక్షరంగా పలికించుకొని ఖ్మేర్‌లోకి ఎత్తి రాసింది. ‘వెం’ దగ్గర సున్నా ఎలా పెట్టాలో నన్ను రెండుసార్లు అడిగి, యేయ్ పూర్వీకుల పేర్ల కిందనే ఆ పేరు చేర్చి, కాగితం భిక్షువు చేతికి ఇచ్చింది.