పెయిన్స్‌విక్ సమాధుల మధ్య ఒక పూట

స్ట్రౌడ్‌లో రైలు దిగి బస్సెక్కితే కాసేపట్లో పెయిన్స్‌విక్ వచ్చేసింది. ఇంగ్లండ్ గ్లోస్టర్‌షైర్‌లో, కొండవాలు మీద లేత తేనెరంగు రాతి ఇళ్ల ఊరు. సెయింట్ మేరీ చర్చి గేటు దగ్గర అమ్మ ఆగిపోయింది. "ఇంత దూరం తీసుకొచ్చింది శ్మశానానికా?" అంది. లోపలికి అడుగుపెట్టాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

దారికి రెండువైపులా గుమ్మటాల్లా కత్తిరించిన యూ చెట్లు. తొంభై తొమ్మిదే ఉంటాయనీ, నూరోది నాటితే దెయ్యం పీకేస్తుందనీ ఊళ్లో చెప్పుకుంటారు. నేను లెక్కపెట్టలేదు. కళ్లన్నీ సమాధుల మీదే.

17, 18 శతాబ్దాల్లో ఇక్కడ ఉన్ని బట్టల వ్యాపారం బాగా సాగింది. వాగుల మీద మిల్లులు, చేతినిండా డబ్బు. ఆ డబ్బు చాలావరకు ఈ రాళ్లలో కనిపిస్తుంది. కొన్ని బల్లల్లా పొడవుగా ఉంటే, కొన్ని గుండ్రంగా, నిలువుగా ఉన్నాయి. వాటిని టీ క్యాడీలంటారు, అంటే టీపొడి డబ్బాలన్నమాట. ఇక్కడి సున్నపురాయి గనిలోంచి తీసిన కొత్తలో మెత్తగా ఉండి ఉలికి లొంగుతుందట, గాలి తగిలాక గట్టిపడుతుందట. అందుకే ఆకులూ, పూలదండలూ, రెక్కల పసివాళ్లూ అంత నాజూగ్గా వచ్చాయి.

ఒక సమాధి మూల మీద చెక్కిన పసివాడి దగ్గర అమ్మ కూర్చుండిపోయింది. ఉబ్బిన బుగ్గలు, రింగుల జుట్టు, గడ్డం కింద రెండు రెక్కలు. వానలకు ముక్కు అరిగిపోయింది. ఒక బుగ్గ మీద రాతిపాచి పసుపు బిళ్లలా అంటుకుంది. "పాపం, ముక్కు పోయిందే," అంటూ వేలితో తడిమింది. కింద రాతి మీది అక్షరాలు చెరిగిపోయాయి. కొన్ని సమాధులకు మాత్రం రాగి రేకుల మీద పేర్లు చెక్కి బిగించారు, అవి ఇంకా చదవొచ్చు.

నేను ప్రత్యేకంగా వెతుక్కున్నది జాన్ బ్రయాన్ సమాధి. ఈ ఊరి శిల్పుల కుటుంబం వాళ్లది. ఆయన 1787లో పోయాడు. ఆయన మీద ఉన్నది ఒక రాతి పిరమిడ్. చుట్టూ అన్ని దండలూ పసిముఖాలూ ఉంటే దీనికి నున్నటి వాలుగోడలే. ఎందుకలా ఎంచుకున్నారో గానీ, నాకు మాత్రం అక్కడే ఎక్కువసేపు నిలబడాలనిపించింది. చెక్కడం తెలిసిన చేతులు కదా, చివరికి రాయిని రాయిలాగే వదిలేశారు.

బస్సుకు టైమైంది. గేటు దాకా వచ్చాక అమ్మ, "ఒక్క నిమిషం," అని వెనక్కి నడిచింది, ఆ ముక్కులేని పసివాణ్ని ఇంకోసారి చూడ్డానికి.